తాళం వేసిన పచ్చనీళ్లు

"మనిషిని అనుమానించడం తప్పా, అమ్మగారూ?" అని అడిగాడు భానోజీ. అడిగే సమయానికి అనుమానించడమూ అయిపోయింది, ఆ మనిషిని పనిలోంచి తీసేయడమూ అయిపోయింది.

రత్నావళమ్మగారు చేపపిల్లల పెంపకం నేర్పుతారు; భానోజీ ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడు. ఆమె దగ్గర చేపపిల్లలకు తొలి మేత డాఫ్నియా అనే నీటిపురుగులు, నువ్వుగింజకన్నా చిన్నవి. ఆ పురుగులకు మేత, ఎండలో పెంచిన సన్న నాచుతో చిక్కబడ్డ పచ్చనీళ్లు. మూడు రోజులుగా భానోజీ తొట్టిలో సాయంత్రం పోసిన పచ్చదనం తెల్లారేసరికి మాయమవుతోంది. పురుగులు ఆకలితో మాడిపోతున్నాయి. తొట్లు కడిగే పైడమ్మ ఇంటికెళ్లేటప్పుడు చంకలో బిందె ఉంటుంది. పక్కూరి చెరువులవాళ్లు పచ్చనీళ్లు కావాలని అడుగుతూనే ఉంటారు. ఇంకేం రుజువు కావాలి?

"పచ్చనీల్లెత్తుకెల్లి నానేటి సేసుకుంతాను బాబూ? పులుసెట్టుకుంతానా?" అంది పైడమ్మ.

ఇంత చలాకీగా మాట్లాడుతోందంటే దొంగే అని తేల్చుకున్నాడు భానోజీ. రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే.

ఇదంతా విని రత్నావళమ్మగారు లేచారు. రెండు గాజు జాడీల్లో ఒకే తొట్టి పచ్చనీళ్లు పోశారు. ఒకదాంట్లో పురుగులు వెయ్యమన్నారు.

"ఎన్ని వెయ్యను?"

"నీ తొట్టిలో ఏ లెక్కన వేశావో, ఆ లెక్కనే."

చెప్పినదానికి మూడింతలు వేయడం భానోజీ అలవాటు, త్వరగా పెరుగుతాయని. అలాగే వేశాడు. జాడీలను అతని గది కిటికీలో పెట్టించి, తలుపుకు తాళం వేయించి, తాళంచెవి అతనికే ఇచ్చారు.

మర్నాడు తలుపు తీస్తే ఒక జాడీ పచ్చగానే ఉంది. పురుగులున్న జాడీలోంచి కిటికీ చువ్వలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె భూతద్దం అందించారు. ఒక్కో పురుగు కడుపులో ఒక్కో పచ్చటి గీత.

భానోజీ చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ గదికి రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?" అన్నాడు.

"నా దగ్గరే."

అతని చూపు ఆమె చేతుల మీదికి వెళ్లింది. వెళ్లిందని అతనికే తెలిసింది. మొహం కందిపోయింది.

"ముందు వీటికి మేత పొయ్యి," అన్నారామె. "తర్వాత పైడమ్మ ఇంటికి వెళ్లు. నడిచి వెళ్లు. బండి మీదైతే, ఏం చెప్పాలో తోచకముందే ఇల్లు వచ్చేస్తుంది."