మసి ఆరకముందే

నాగసిరికి గుబులు మొదలైన క్షణం బాగా గుర్తుంది. పెద్దలసభలో అందరూ "సరే" అన్నారు. ఆమె తాటాకు వెనక్కి తీసుకుంది. బొటనవేలికి మసి అంటింది.

అక్షరాలు కనబడటానికి జనసభలో తను పూసిన మసే అది. ఇంకా ఆరలేదు. ఈలోపే రెండో సభ కూడా ఒప్పేసుకుంది.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరికి రాజు లేడు. రెండు సభలుండేవి. పేటకొకరు చొప్పున జనం ఎన్నుకున్నవాళ్ళది జనసభ. అక్కడ తేలిన మాట పెద్దలసభకి వెళ్ళాలి. అక్కడా సరే అంటే, రాతపని చేసే మనిషి పొద్దుగూకేలోగా ఊరి ముద్ర వెయ్యాలి. ముద్ర పడితే అది చట్టం.

ఆ రాతపనికి నాగసిరి కుదిరి మూడు నెలలే అయింది. అంతకుముందు కొండమీది బౌద్ధవిహారంలో చదువుకుంది.

ఇవాళ్టి ఆకులో ఉన్నది ఒకటే మాట: "రేవులో ఎవరూ ఎప్పుడూ చేపలు ఎండబెట్టకూడదు." పండగకి పడవల్లో వచ్చేవాళ్ళు కంపు భరించలేక ముక్కు మూసుకుంటున్నారట. జనసభలో జాలరిపేట మనిషి ఒక్కడే ఒక్కడు. గొంతు పోయేదాకా అరిచాడు. మిగతా పేటలన్నీ చేతులెత్తాయి.

ముద్ర ఉన్న సంచి భుజాన తగిలించుకుని, నాగసిరి గురువు దగ్గరికి బయల్దేరింది. రేవు మీదుగా పోయే దారి పట్టింది.

వెదురు తడికల మీద చేపలు తిరగేస్తూ జాలరిపేట పోలమ్మ ఆమెని చూసింది.

"ఏమే రాతపిల్లా! ముక్కు మూసుకోకుండా వస్తున్నావే! మా ఊసేదో సభలో వచ్చిందటగా?"

"వచ్చింది, అత్తా."

"రానీలే. ఒక సభకి కోపమొస్తే ఇంకో సభ ఉంది. వాళ్ళైనా వచ్చి మమ్మల్ని ఒక మాట అడక్కుండా ఉంటారా? ఇదిగో, ఈ నాలుగు తడికలూ లేకపోతే వానాకాలం మా పొయ్యి వెలగదు."

 నాగసిరి మసి అంటిన వేలు గుప్పిట్లో దాచుకుంది.

విహారం అరుగు మీద గురువు ధమ్మనంది భంతే కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటిన ముసలాయన. చింతపిక్కలు ఒలుస్తున్నాడు.

నమస్కరించి, నాగసిరి సంచిలోంచి ఇంకో ఆకు తీసింది. తనే సొంతంగా రాసుకున్నది.

"భంతే, మూడు నెలల్లో ఇరవైమూడు మాటలు పెద్దలసభకి వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక్క అక్షరం మారలేదు. తలూపడానికే అయితే ఆ సభ ఎందుకు? తీసెయ్యమని రాశాను. వినండి."

చదివింది. బాగా రాసిందని ఆమెకే తెలుసు. చదువుతుంటే గొంతులో అది వినబడింది కూడా.

ముసలాయన చివరిదాకా విన్నాడు.

"బాగుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లోపల కొట్టుగదిలో, గంట పక్కన, ఒక చాప చుట్టి ఉంటుంది. తెచ్చిపెట్టు."

ఇప్పుడు చాపెందుకు అనుకుంటూనే వెళ్ళింది. చాప పొడుగ్గా, బరువుగా ఉంది. తెచ్చి అరుగు మీద పరిచింది. దుమ్ము లేచింది. ముసలాయన తుమ్మాడు.

చాప నిండా మరకలే. ఒకచోట నీలిరంగు, అద్దకంవాళ్ళ తొట్టి దగ్గర పడేలాంటిది. ఒకచోట కుమ్మరి మట్టి. ఒకచోట నిప్పురవ్వ పడి కాలిన చిల్లు. ఒక మూల ఈతాకుల మధ్య ఏదో మెరిసింది. నాగసిరి గోటితో గీకింది. చేప పొలుసు.

"ఏం చాప, భంతే ఇది?"

"పెద్దలసభ."

ఆమెకి అర్థం కాలేదు.

"మరి ఊళ్ళో ఉన్నది?"

"అది భవనం."

ముసలాయన చింతపిక్కలు పక్కకి జరిపాడు.

"కుమ్మరివాళ్ళ మీద మాట వస్తే కుండలు కాల్చే ఆవం దగ్గర ఈ చాప పరిచి కూర్చునేవాళ్ళం. అద్దకంవాళ్ళ మీదైతే తొట్టి దగ్గర. ఎవరి మీద వస్తే వాళ్ళ ముందు. అందరూ చెప్పుకోవడం అయ్యేదాకా లేవకూడదు."

"అయితే ఈ పొలుసు?"

"ఇదే రేవు. ఇదే మాట. నలభై ఏళ్ళ కిందట."

"అప్పుడేం చేశారు?"

"మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఒక్క మాట మార్చి వెనక్కి పంపాం."

"ఏ మాట?"

"'ఎప్పుడూ' అన్నచోట 'పండగ మూడు రోజులు' అని పెట్టాం."

"జనసభ ఒప్పుకుందా?"

"ముందు తిట్టింది. ముసలి పీనుగులన్నారు. అప్పటికి నాకు నలభై రెండే." పళ్ళులేని నోటితో నవ్వాడు. "తర్వాత ఒప్పుకున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది నాగసిరికి. కాషాయం కట్టకముందు ఆయన ఆ సభలో మనిషేనని ఎవరో ఎప్పుడో చెప్పారు.

"మరి చాప ఇక్కడికెందుకొచ్చింది, భంతే?"

"ఒకరోజు ఎండగా ఉంది, ఇవాళ్టికి లోపలే కూర్చుందామన్నారు. ఇంకోరోజు వాన. ఆ తర్వాత, మనం వెళ్ళడమెందుకు, వాళ్ళే వచ్చి చెప్పుకుంటారు కదా అన్నారు. చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళ కాళ్ళకి బురద. గచ్చు పాడవుతుందని గుమ్మం దగ్గరే ఆపారు."

 నాగసిరి అడిగింది.

"మొదట ఎండగా ఉందన్నది ఎవరు?"

ముసలాయన చెయ్యి చాప మీద పెట్టాడు. నీలిమరకని నెమ్మదిగా తడిమాడు.

"నేనే."

 కింద నది మీద ఏదో పడవవాడు ఎవర్నో కేకేస్తున్నాడు.

నాగసిరి తను రాసిన ఆకు తీసి మళ్ళీ చూసుకుంది. ఇరవైమూడు మాటలు. వాటిలో ఒక్కదానికైనా పెద్దలు ఎక్కడ కూర్చున్నారో తను రాయలేదు. అడగాలని కూడా తట్టలేదు. ఆకుని సంచిలో అడుగున పెట్టింది. చాప చుట్టింది.

లేస్తుంటే ఆయన ఒక్కసారి తలెత్తాడు.

"ఎండగా ఉంది, తల్లీ."

"ఉంది, భంతే," అంది ఆమె. చాప భుజానికెత్తుకుంది.

కొండ దిగాక దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు, ముద్ర వెయ్యాల్సిన గది. కుడివైపు రేవు. పొద్దు ఇంకా మూడు బారలుంది. ఒక భుజాన ముద్ర, ఇంకో భుజాన చాప. చాప పరిచే హక్కు రాతపిల్లకి లేదు. పరిచినా ఆ పెద్దలు భవనం దిగి వస్తారో రారో తెలీదు. వాళ్ళు రాకపోతే, ముద్రా పడకపోతే, రేపటికి ఆమె కొలువు ఉండదు. పడితే, పోలమ్మ తడికలు ఉండవు.

నాగసిరి అక్కడే నిలబడి, ఆ దారిన వచ్చేపోయే ప్రతివాళ్ళనీ అడుగుతోందట. వేలు చూపించి మరీ. మసి ఇంకా పోలేదు.

మీరూ ఆ దారినే వచ్చారు కదా, మిమ్మల్నీ అడుగుతోంది: "చెప్పండి, నేనిప్పుడు ఏం చెయ్యాలి?"