కప్పు మీది రేకు

జగ్గప్పదాసు గారి దగ్గరికి ప్రశ్న పట్టుకెళ్ళినవాడు పని చేయకుండా తిరిగి రావడం అరుదు. సాలూరు కొండల కింద ఒక చిన్న ఊళ్ళో ఉండేవారాయన. కాషాయం కట్టలేదు, మఠం పెట్టలేదు. నాలుగు మళ్ళలో రాగులు, అక్కడివాళ్ళ మాటలో చోళ్ళు, పండించుకుంటూ, పున్నమి పున్నమికీ తన ఇంటి అరుగు మీద భజన చేయిస్తూ, భార్య అచ్చియ్యమ్మతో ఆ పెంకుటింట్లోనే సుఖంగా కాలం గడిపేవారు. ఎవరైనా వచ్చి పరమాత్మ సంగతి అడిగితే చేతికి గునపం ఇచ్చేవారు. పాపపుణ్యాల సంగతి అడిగితే ఖాళీ గోలెం చూపించి, నీళ్ళు నింపమనేవారు. జవాబు తెలియకే ఇలా పని అంటగడతాడని గిట్టనివాళ్ళు అనేవారు. చేతులు బొబ్బలెక్కినప్పుడు గిట్టినవాళ్ళూ అదే అనుకునేవారు.

ఒక పున్నమినాడు, ఇంకా పొద్దు బాగా ఎక్కకముందే, పోలినాయుడనే శిష్యుడు ఆ అరుగెక్కాడు. ఏటి అవతలి ఊళ్ళో రైతు. గొంతు మంచిది, తంబూరా పట్టుకుంటే లోకం మరిచిపోయే మనిషి. ఆ రోజు తంబూరాతో పాటు భుజాన ఒక సంచీ కూడా ఉంది. అందులో రెండు పంచెలు, భజన తాళాలు. సంచీ చూసి అచ్చియ్యమ్మ ఏరుతున్న తోటకూర పక్కన పెట్టి చెవి ఇటు పారేసింది.

"అయ్యగారూ, ఇక ఇంటికి వెళ్ళను. ఇక్కడే మీ కాళ్ళ దగ్గర పడుంటాను. సంసారంలో ఉండి దేవుణ్ణి పట్టుకోవడం నావల్ల కాదండి. ఇల్లు వదిలితేనే గానీ కుదరదా, ఇంట్లో ఉండి కూడా కుదురుతుందా? మీరు ఏది చెబితే అదే చేస్తాను" అన్నాడు పోలినాయుడు. దండం పెట్టి నిలబడ్డాడు గానీ, ఏ జవాబు కావాలో ముందే సంచీలో సర్దుకుని వచ్చాడని ఎవరికైనా తెలుస్తుంది.

ఇంట్లో ఏమైందని దాసుగారు అడిగారు. అడగడమే ఆలస్యం, పోలినాయుడు కడుపులో ఉన్నదంతా వెళ్ళబోసుకున్నాడు. తెల్లవారుజామున లేచి ముందుగదిలో నామస్మరణకి కూర్చుంటాడు. సరిగ్గా అప్పుడే భార్య పైడితల్లి వంటగదిలో పొయ్యి రాజేస్తుంది. పొగంతా ముందుగదిలోకి వచ్చేస్తుంది. ఆవిడ దగ్గు, పిల్లదాని ఏడుపు, గిన్నెల చప్పుడు. కళ్ళు మూసుకుంటే మంట, తెరిస్తే మంట. మనసు నిలిచేదెక్కడ? పోనీ భార్యకైనా భక్తి ఉందా అంటే, ఎప్పుడు చూసినా ముఖం మాడ్చుకుని, ఎర్రటి కళ్ళతో ఉంటుంది. అది తన మీద కోపమేనని పోలినాయుడు ఏనాడో తేల్చుకున్నాడు.

"చివరికి ఇవాళ సంచీ తగిలించుకుని, ఇక రానేమో అని చెప్పానండి. ఏమందో తెలుసా? 'ఎల్తే ఎల్లు గానీ, ఆ పైన రేకు సంగతేటో చూసి ఎల్లు' అంది. నేను మోక్షం అంటాను, ఆవిడ రేకు అంటుంది. అలాంటి మనిషితో ఎలా వేగమంటారు?"

దాసుగారు ఆ రేకు సంగతి అడగలేదు. కాసేపు గడ్డం నిమురుకుని, "మధ్యాహ్నానికి భజనవాళ్ళు దిగుతారు. వాళ్ళకి చోడి అంబలి కాయాలి. మీ గురువమ్మకి ఇవాళ విశ్రాంతి. నువ్వు వెళ్ళి పొయ్యి రాజెయ్యి" అన్నారు.

పోలినాయుడికి గునపం అలవాటే, గోలెం అలవాటే. పొయ్యి మాత్రం పుట్టి బుద్ధెరిగాక ముట్టుకోలేదు. పొయ్యి రాజెయ్యడం కూడా ఒక పనేనా అనుకుంటూ లోపలికి వెళ్ళాడు. రాత్రంతా వాన పడి వెలిసింది. వంటగది చీకటిగా, చల్లగా ఉంది. మూలన మట్టిపొయ్యి, దాని నోటి దగ్గరే ఎండు కొబ్బరిమట్టల మోపు, గోడకి చేరేసి కట్టెలు. చేతికందిన లావుపాటి మామిడి దుంగలు మూడు పొయ్యి నిండా కుక్కి, కింద కాస్త పీచు పెట్టి అగ్గిపుల్ల గీశాడు. పీచు భగ్గుమని మండి, బూడిదై ఊరుకుంది. దుంగలు చెమట పట్టి కూర్చున్నాయి. మళ్ళీ పీచు, మళ్ళీ అగ్గిపుల్ల. ఊదుగొట్టం పట్టుకుని బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాడు. నిప్పు రాలేదు గానీ పొగ మాత్రం అడగకుండానే వచ్చింది.

కళ్ళు తుడుచుకుంటూ చుట్టూ చూస్తే గూట్లో కిరసనాయిలు సీసా కనబడింది. ప్రాణం లేచొచ్చింది. మూత తీశాడో లేదో, గుమ్మం దగ్గరనుంచి దాసుగారి గొంతు వినబడింది. ఆయన ఎప్పుడొచ్చి అక్కడ పీట వేసుకున్నారో పోలినాయుడు చూడలేదు.

"ఆ సీసా కింద పెట్టు."

ఆయన గొంతులో అంత కరకుదనం పోలినాయుడు ఎన్నడూ వినలేదు. సీసా కింద పెట్టేశాడు. లోపల రవ్వ ఉన్న పొయ్యిలో కిరసనాయిలు పోస్తే మంట సీసాదాకా ఎగబాకుతుందనీ, ఆ పైన చెయ్యీ గడ్డమూ ఎవరివో పోల్చుకోవడం కష్టమనీ దాసుగారు మామూలు గొంతుతోనే చెప్పారు. అరుగు మీదనుంచి అచ్చియ్యమ్మ కూడా ఒక మాట కలిపింది. "ఆ కండువా మెళ్ళోంచి తీసి నడుముకి బిగించుకో నాయుడూ. కొబ్బరిమట్టలు దూరంగా జరుపు. సాయంత్రానికి నా వంటిల్లు నాకు మిగలాలి కదా."

పోలినాయుడు సిగ్గుపడి మట్టలు జరిపాడు, కండువా బిగించాడు, దుంగలు బయటికి లాగాడు. దాసుగారు చెప్పిన ప్రకారం, చూరు కింద ఎండుగా ఉన్న సరుగుడు కట్టెలు తెచ్చుకున్నాడు. ముందు పీచు, దాని మీద చితుకులు, అవి అంటుకున్నాక వేలెడు లావు పుల్లలు, ఆ తర్వాతే కట్టె. కట్టెకీ కట్టెకీ మధ్య గాలి ఆడేంత సందు. ఈసారి మంట నిలబడింది. ఆ మంట చూసి పోలినాయుడికి కలిగిన ఆనందం ఏ కీర్తన పాడినప్పుడూ కలగలేదంటే అబద్ధం కాదు. తపేలా ఎక్కించి, ఎసరు పోశాడు.

కానీ పొగ తగ్గలేదు. ముందున్నంత నల్లగా లేదు, అంతే. పైకి లేచి, కప్పుకి తగిలి, మళ్ళీ కిందికి దిగి, గదంతా పరుచుకుంటోంది. చూస్తుండగానే గోడలు కనబడటం మానేశాయి. తెరిస్తే కళ్ళు, ఊపిరి తీస్తే గొంతు, రెండూ మండుతున్నాయి. అరుగు మీద అచ్చియ్యమ్మ ఏదో చెప్పబోయింది, దాసుగారు వద్దన్నట్టు తల ఊపారు. ఆవిడకి భర్త సంగతి తెలుసు కాబట్టి తోటకూర మీదికి తల వంచుకుంది గానీ, పెదవుల మీది నవ్వు దాచుకోలేకపోయింది.

"బయటికి రా. ముందు ఊపిరి, తర్వాత అంబలి" అని దాసుగారు చెయ్యి పట్టుకుని లాగారు. పోలినాయుడు పెరట్లో వంగి నిలబడి, పేగులు నోట్లోకి వచ్చేలా దగ్గాడు. ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. కాసిని నీళ్ళు తాగి తెప్పరిల్లాక, గురువు అడిగారు.

"ఎందుకొస్తోంది పొగ?"

"కట్టె పచ్చిదండి."

"ఎండు కట్టేగా పెట్టావు."

"అయితే పొయ్యి మంచిది కాదండి."

"ఆ పొయ్యి మీద మీ అమ్మ ఇంతకాలం వండుతోంది. ఎప్పుడైనా దగ్గగా విన్నావా?"

పోలినాయుడు ఈ ఇంటికి ఇన్నాళ్ళుగా వస్తున్నాడు, ఇక్కడ అంబలి తాగుతున్నాడు. అచ్చియ్యమ్మ దగ్గడం వినలేదు. కళ్ళు ఎర్రబడగా చూడలేదు. ఆవిడ ముఖం ఎప్పుడూ ప్రసన్నంగా ఉంటుంది. అది ఆవిడ భక్తి వల్లనని తనే పదిమందిలో చెప్పాడు. కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళాడు. పొయ్యిని చూశాడు, కట్టెని చూశాడు, కిటికీని చూశాడు. చూడవలసినవన్నీ అయిపోయాక, వేరే దారి లేక తల పైకెత్తాడు.

పొయ్యికి నేరుగా పైన, కప్పులో, పొగ పోవడానికి వదిలిన కంత ఉంది. రాత్రి వాన లోపల పడకుండా దాని మీదికి రేకు జరిపి ఉంది. పొద్దున్నే దాన్ని తొయ్యడానికి వాడే వెదురుగెడ అక్కడే గోడకి ఆనించి ఉంది. దాన్ని పట్టుకునే పోలినాయుడు ఇందాక రెండుసార్లు పైకి లేచాడు కూడా.

గెడతో రేకుని పక్కకి నెట్టాడు. పొగ ఒక్కసారి కదిలి, దారి తెలిసిన మనిషిలా పైకి వెళ్ళిపోయింది. పొయ్యి గాలి పీల్చుకుని నిటారుగా మండింది. కంతలోంచి ఎండ పడి తపేలా అంచు మెరిసింది. గదిలో గోడలు మళ్ళీ కనబడ్డాయి. పోలినాయుడు మాత్రం చేతిలో గెడ అలాగే పట్టుకుని, పైకి చూస్తూ నిలబడిపోయాడు.

అతనికి తన ఇల్లు కనబడింది. వంటగది కప్పులో అలాంటి కంతే తనింట్లోనూ ఉంది. పోయిన తుఫానుకి దానిలోంచి జల్లు కొట్టి, వంటగది గోడకి తగిలించిన తంబూరా తడిసింది. కోపం వచ్చి, మర్నాడే కప్పెక్కి, కంత మీద రేకు వేసి మేకులు దిగ్గొట్టాడు. తంబూరాని ముందుగదిలోకి మార్చుకున్నాడు. రేకు అక్కడే ఉండిపోయింది. పైడితల్లి అడిగింది. మళ్ళీ అడిగింది. భజనకి వేళైందనో, నాట్లు పడ్డాయనో తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసి దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గుని, ఆ ఎర్రకళ్ళని పట్టుకొచ్చి తన గురువు ముందు చాడీగా చెప్పాడు. తను ఇవాళ ఒక్క పూట తాగిన పొగని ఆమె, చంటిది రోజూ తాగుతున్నారు. పోలినాయుడికి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా జాలేసింది. కళ్ళలో తిరిగిన నీళ్ళు పొగవి కావని తెలిసినా, పొగవే అన్నట్టు తుడుచుకున్నాడు.

అంబలి కాచాడు. కాస్త పొగవాసన కొట్టింది గానీ, వచ్చినవాళ్ళంతా వంక పెట్టకుండా తాగారు. ఒక ముసలాయన మాత్రం ఇవాళ అంబలిలో హోమం చేసిన ఫలితం కూడా ఉందన్నాడు. అందరూ నవ్వారు, పోలినాయుడూ నవ్వాడు. భజన మొదలు కాకముందే వచ్చి గురువు ముందు చేతులు కట్టుకున్నాడు.

"సెలవిప్పించండి. ఇంటి దగ్గర చిన్న పని ఉండిపోయింది."

"జవాబు వినకుండానే?"

"ముందు ఆ పని చూసుకొస్తానండి."

"మంచిది. పొయ్యి చూసి వెళ్ళు" అన్నారు దాసుగారు. పోలినాయుడు వంటగదిలోకి వెళ్ళి, మండుతున్న కట్టెలు వెనక్కి లాగి, నీళ్ళు చిలకరించి ఆర్పాడు. నిప్పులు బూడిదలో కప్పాడు. పొయ్యి చుట్టూ పుల్లా పుడకా లేకుండా తుడిచాడు. సంచీ, తంబూరా భుజాన వేసుకుని ఏటి దారి పట్టాడు.

ఇంటికి చేరేసరికి సాయంత్రం వంటకి పైడితల్లి పొయ్యి ముట్టిస్తోంది. పోలినాయుడు లోపలికి వెళ్ళలేదు. నిచ్చెన వేసుకుని నేరుగా కప్పెక్కాడు. పెంకుల చప్పుడుకి ఆమె లోపలనుంచి కేకేసింది.

"ఎవులది పైన?"

"నేనే."

మేకులు తుప్పు పట్టి మొరాయించాయి. చివరికి రేకు ఊడి చేతికొచ్చింది. అంతవరకూ లోపల గూడుకట్టుకుని ఉన్న పొగంతా ఒక్క ఊపున పైకి వచ్చి పోలినాయుడి ముఖాన కొట్టింది. అతను కప్పు మీద గొంతుక్కూచుని దగ్గుతుంటే, కింద పైడితల్లి నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

"ఇప్పుడు తెలిసిందేటి?" అంది.

"తెలిసింది" అన్నాడు దగ్గుతూనే.

మర్నాడు ఆ రేకుని నాలుగు ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టి కట్టాడు. ఇప్పుడు వాన లోపలికి రాదు, పొగ లోపల ఆగదు. ఆ మరుసటి తెల్లవారుజామున ఎప్పటిలాగే ముందుగదిలో కూర్చుని పాట ఎత్తుకున్నాడు. ఒక చరణం అయి ఊపిరి కోసం ఆగేసరికి, రెండో చరణం వంటగదిలోంచి సన్నగా వినబడింది. పైడితల్లి పుల్లలు ఎగదోసుకుంటూ పాడుతోంది. అతను పాడిన పాటలన్నీ ఆమెకి వచ్చు. ఇన్నాళ్ళూ పాడటానికి గొంతే ఖాళీగా లేదు. పోలినాయుడు తంబూరా మీటుతూ, ఆమె చరణం అయ్యేవరకూ ఆగాడు.

ఆ తర్వాతి పున్నమికి భార్యాభర్తలిద్దరూ, చంకన పిల్లతో, దాసుగారి అరుగెక్కారు. అచ్చియ్యమ్మ పిల్లని అందుకుంది. పోలినాయుడి భుజాన తంబూరా తప్ప ఏమీ లేకపోవడం చూసి, సంచీ ఏదని దాసుగారు అడిగారు. చోళ్ళు పోసి అటకెక్కించానని పైడితల్లి జవాబు చెప్పింది. భజన అయ్యాక, నలుగురూ లేస్తుండగా, పోలినాయుడు మెల్లిగా గురువు పక్కకి జరిగాడు.

"అయ్యగారూ, ఆ రోజు నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పనేలేదు."

దాసుగారు కళ్ళు పైకెత్తారు. వంటగది కప్పులోంచి పలచటి పొగ వెన్నెల్లోకి తిన్నగా లేచి వెళుతోంది.

"పైకి చూసేవాళ్ళకి కొదవ లేదు నాయుడూ" అన్నారాయన. "మధ్యలో సొంతింటి కప్పు ఒకటి ఉంటుంది. దాన్ని దాటేసి చూస్తారు."