రెండు గుహల్లో నిప్పు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎదురెదురుగా రెండు కొండలు, నడుమ ఒక వాగు. వాగుకు అటూ ఇటూ ఆ కొండల దాకా ఎత్తైన గడ్డి. వానాకాలంలో ఆ గడ్డి పచ్చగా ఊగేది. ఎండాకాలంలో ఎండిపోయి, చిన్న గాలికే గలగలమనేది.

తూర్పు కొండ మీద ఎలుగుబంట్లు ఉండేవి. వాటికి పెద్ద బొంతమ్మ. ఒళ్ళంతా దట్టమైన బొచ్చుతో, ఎప్పుడూ బొంత కప్పుకున్నట్టు ఉంటుందని ఆ పేరు. పడమటి కొండ మీద రేచుకుక్కలు ఉండేవి. రేచుకుక్కలంటే అడవిలో గుంపుగా తిరిగే ఎర్రటి కుక్కలు. వాటి నాయకుడు కెంపడు.

వాగు ఒడ్డున, గడ్డి మొదట్లో, పొడలమ్మ అనే కౌజుపిట్ట గూడు కట్టుకుంది. కౌజు ఎక్కువ దూరం ఎగరలేదు. నేల మీదే గుడ్లు పెడుతుంది, నేల మీదే పిల్లల్ని పెంచుతుంది. గూట్లో అప్పుడు ఆరు గుడ్లు ఉన్నాయి.

ఆ ఏడు ఎండలు బాగా ముదిరాయి. వాగంతా ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. ఎలుగుబంట్లు మడుగు చుట్టూ కాపలా పెట్టి, కుక్కలు వస్తే తరిమేశాయి. దాహంతో కెంపడి పిల్లల్లో ఒకటి చనిపోయింది.

కెంపడు ఏడవలేదు. అడవి చివర మనుషులు బొగ్గులు కాల్చే చోటికి వెళ్ళాడు. ఒక కొస మండుతున్న కట్టెను నోట కరుచుకుని తిరిగి వచ్చాడు. మీసాలు కాలాయి, పెదవులు బొబ్బలెక్కాయి. అయినా వదల్లేదు. దాన్ని తన గుహలో పెట్టి, పుల్లలు వేసి మంట చేశాడు.

మర్నాడు కొండ అంచున నిలబడి, ఎలుగుబంట్లకు వినబడేలా అరిచాడు.

"మా దగ్గర నిప్పు ఉంది. ఇకమీదట మడుగు దగ్గర మమ్మల్ని ఆపితే, ఈ కట్టె మీ కొండ కింది గడ్డిలో పడుతుంది."

ఎలుగుబంట్లు కాపలా తీసేశాయి. కుక్కలు కడుపారా నీళ్ళు తాగాయి. కానీ బొంతమ్మకు ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఎదురు కొండ గుహలోంచి వచ్చే పొగనే చూస్తూ కూర్చుంది. మూడో రోజు తనూ బొగ్గులు కాల్చే చోటికి బయల్దేరింది.

దారిలో పొడలమ్మ ఎదురైంది.

"పెద్దమ్మా, నువ్వు కూడా తెస్తావా?"

"నాకు సరదానా? వాడి దగ్గర ఉంది. నా దగ్గర లేదు. రేపు వాడికి కోపం వస్తే నా పిల్లల గతేమిటి?"

"నువ్వూ తెస్తే వాడికి కోపం రాకుండా ఉంటుందా?"

"భయం వేస్తుంది. భయపడితే విసరడు."

"నీకూ భయంగానే ఉంది కదా పెద్దమ్మా," అంది పొడలమ్మ. "మరి నువ్వు ఊరికే కూర్చోలేదు కదా."

బొంతమ్మ ఆగకుండా వెళ్ళింది. సాయంత్రానికి తూర్పు కొండ గుహలో కూడా పొగ లేచింది.

మరో రెండు రోజులకు, ఉత్తరం వైపు చెట్ల మీద ఉండే కొండముచ్చులు కూడా గుసగుసలు మొదలుపెట్టాయి. "వాళ్ళిద్దరికీ ఉంది. మనకు లేకపోతే మనల్ని ఎవరు లెక్కచేస్తారు?" అన్నాయి.

నిప్పును దాచుకోవడం తేలిక కాదు పిల్లలూ. దానికి రోజూ తిండి పెట్టాలి. కుక్కలు వేట మానేసి పుల్లలు ఏరుకున్నాయి. ఎలుగులు తేనె మాట మరిచిపోయి, నీడనిచ్చే చెట్ల కొమ్మలే విరిచాయి. పిల్లలన్నీ పొగకు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ తిరిగేవి. నిప్పు దగ్గర ఉన్నవాళ్ళకే ఎక్కువ నిద్ర కరువైంది.

ఒక మధ్యాహ్నం వడగాలి గట్టిగా వీచింది. పడమటి కొండ వెనక ఉన్నట్టుండి గడ్డి అంటుకుంది. మంటలు ఎగిశాయి. కుక్కలు పిల్లల్ని నోట కరుచుకుని బండల మీదికి పరిగెత్తాయి. బండల దాకా వచ్చి, ఇక కాల్చడానికి ఏమీ లేక మంట ఆగిపోయింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కానీ కొండ వెనక వాలు అంతా నల్లబడిపోయింది.

"ఎలుగుల పనే," అంది ఒక కుక్క.

"ఇంకెవరికి ఉంది నిప్పు?" అంది ఇంకొకటి.

కెంపడు గుహలోకి వెళ్ళి మండే కట్టెను తీశాడు. కొండ అంచుకు వచ్చాడు. ఒక్కసారి విసిరితే చాలు, వాగు దాటి తూర్పు కొండ దాకా ఉన్న గడ్డంతా భగ్గుమంటుంది.

ఎదురు కొండ మీద బొంతమ్మ కూడా ఆ పొగ చూసింది. ఇక తన కొండ వంతే అనుకుంది. తనూ కట్టె పట్టుకుని అంచున నిలబడింది.

పొడలమ్మ తన గుడ్ల మీద ఎండుగడ్డి కప్పింది. తను అంత ఎత్తు ఎప్పుడూ ఎగరలేదు. రాయి మీంచి రాయికి గెంతుతూ, కాస్త ఎగురుతూ, రొప్పుతూ, కెంపడి ముందు వాలింది.

"కెంపన్నా, ఆ మంట వాళ్ళు వేసింది కాదు."

"పక్కకు తప్పుకో," అన్నాడు కెంపడు, పళ్ళ మధ్య కట్టె వదలకుండానే.

"నేను కింద నుంచి చూశాను. ఎలుగులు ఎవరూ వాగు దాటలేదు. నీ గుహ వెనక పగులులోంచి నిప్పురవ్వ పైకి లేచి అవతలికి పడింది."

"అబద్ధం. నీ గూడు కాలుతుందని చెబుతున్నావు."

"నా గూడు కాలుతుందనే పైకి వచ్చాను. అది నిజం. ఇదీ నిజమే. నా మాట నమ్మకు. నడిచి వెళ్ళి నీ కళ్ళతో చూడు. నల్లబడ్డ నేల ఎక్కడ మొదలైందో చూసి వచ్చి, తర్వాత నీ ఇష్టం."

వెనక కుక్కలు మొరుగుతున్నాయి. "విసురు, విసురు" అంటున్నాయి. కెంపడికి చనిపోయిన పిల్ల గుర్తొచ్చింది. ఎదురుగా, బొంతమ్మ కాళ్ళ వెనక నక్కి నిలబడ్డ ఎలుగు పిల్లలు రెండు కనిపించాయి.

అతను కట్టెను వట్టి బండ మీద పెట్టాడు. కొండ వెనక్కి నడిచాడు.

కాలిన చారను వాసన చూసుకుంటూ పైకి వెళ్ళాడు. అది ఎలుగుల వైపు నుంచి రాలేదు. వాగు వైపు నుంచీ రాలేదు. నేరుగా తన గుహ వెనక పగులు దగ్గరికి వెళ్ళి ఆగింది. పగులు అంచున ఇంకా బూడిద ఎగురుతోంది.

కెంపడు అక్కడే కూలబడ్డాడు. ఇంకొక్క క్షణం ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో అతనికి అర్థమైంది.

ఈలోగా పొడలమ్మ వాగు దాటి బొంతమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పెద్దమ్మా, అతను కట్టె కింద పెట్టాడు. నువ్వూ పెట్టు."

"మోసమైతే?"

"మోసమైతే ముందు కాలేది నా ఆరు గుడ్లు. అయినా నిన్ను అడుగుతున్నాను."

బొంతమ్మ ఎదురు కొండ అంచున బండ మీద ఉన్న కట్టెను చూసింది. తర్వాత కట్టెను బండ మీద పెట్టి, వట్టి చేతులతో మడుగు దగ్గరికి దిగింది. అటు నుంచి కెంపడు కూడా దిగి వచ్చాడు. ఇద్దరూ నీళ్ళకు చెరోవైపు నిలబడ్డారు.

మొదట బొంతమ్మే మాట్లాడింది. "నీ పిల్ల సంగతి నాకు తర్వాత తెలిసింది. కాపలా పెట్టింది నేనే. తప్పు నాదే."

కెంపడు తల దించుకున్నాడు. "ఈ రోజు నా నిప్పే నా పిల్లల్ని తినబోయింది," అన్నాడు.

అక్కడే మూడు మాటలు అనుకున్నారు. పొద్దున ఎలుగులు నీళ్ళు తాగాలి, సాయంత్రం కుక్కలు తాగాలి. రెండు గుహల్లోనూ నిప్పు ఒకే రోజు ఆర్పాలి. నాలుగు రోజులకు ఒకసారి ఒకరి గుహలోకి ఒకరు వెళ్ళి, నిప్పు ఉందో లేదో వాసన చూసుకోవాలి.

మూడో మాట కెంపడికి నచ్చలేదు. "నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"ఇంకా లేదు," అంది బొంతమ్మ. "నీకు నా మీద ఉందా?"

కెంపడు ఆలోచించాడు. "లేదు," అన్నాడు. ఆ మాట మీద ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ రోజే రెండు మంటలూ ఆర్పారు. నాలుగో రోజు బొంతమ్మ తన ఎలుగులతో వచ్చి కుక్కల గుహలోకి వెళ్ళింది. ఎలుగుకు ముక్కు చాలా చురుకు. గుహ లోపలి మూలలో, బూడిద కింద, ఒక్క నిప్పుకణిక ఇంకా వెచ్చగా ఉంది.

ఆ వాసన తగిలి గుహ బయట ఎలుగులన్నీ లేచి నిలబడ్డాయి. బొంతమ్మ గొంతు పెంచలేదు.

"ఇదేమిటి కెంపా?"

కెంపడి చెవులు వాలిపోయాయి. "భయమేసింది. భయం ఒక్క రోజులో పోదు కదా."

"నాకూ పోలేదు. అందుకే కదా ముక్కు మోసుకుని ఇంత దూరం వచ్చాను," అంది బొంతమ్మ. "పద, ఇద్దరం కలిసి తీసుకెళ్దాం."

ఒక చిప్పలో బూడిదతో సహా ఆ కణికను పెట్టుకుని, కెంపడే మడుగు దాకా మోశాడు. పక్కనే బొంతమ్మ నడిచింది. నీళ్ళలో వేస్తే చుయ్యిమని చిన్న చప్పుడు వచ్చింది. అంతే.

మర్నాడు కెంపడు ఎలుగుల గుహకు వెళ్ళాడు. మూలమూలలా వాసన చూశాడు. నేల చల్లగా ఉంది. బయటికి వస్తుంటే బొంతమ్మ పిల్లలు అతని తోక పట్టుకుని లాగాయి. అతను కసురుకోలేదు.

ఇదంతా చెట్ల మీంచి కొండముచ్చులు చూశాయి. "వాళ్ళే పారేసుకున్నదాన్ని మనం మోసుకొచ్చి ఏం చేసుకుంటాం?" అని పళ్ళు కోసుకోవడానికి వెళ్ళిపోయాయి.

వారం తిరగకుండా పొడలమ్మ గుడ్లు ఆరూ పిల్లలయ్యాయి. ఆ తర్వాత వాన పడింది. వాగు నిండింది. ఇక నీళ్ళకు వంతులు అక్కర్లేదు.

కానీ గుహల తనిఖీ మాత్రం వాళ్ళు మానలేదు. వానాకాలంలోనూ, చలికాలంలోనూ, నాలుగు రోజులకు ఒకసారి బొంతమ్మ ఆ కొండ ఎక్కేది, కెంపడు ఈ కొండ ఎక్కేవాడు. మొదట్లో వాసన చూసి వెంటనే తిరిగి వచ్చేవారు. కొన్నాళ్ళకు వాసన చూశాక కాసేపు కూర్చుని మాట్లాడుకోవడం మొదలైంది. ఎవరి పిల్లకు ఏ పన్ను వచ్చిందో, ఏ వైపు తేనెపట్టు ఉందో చెప్పుకునేవారు. మరుసటి ఏడు మళ్ళీ ఎండలు ముదిరి, వాగు మళ్ళీ ఒక్క మడుగు అయింది. ఒక రోజు పొద్దున్నే నీళ్ళకు వచ్చిన ఎలుగులు సగం తాగి ఆగాయి. సాయంత్రం వచ్చే కుక్కల కోసం మిగతా సగం ఉంచి వెళ్ళాయి.

నీతి: అందరినీ కాల్చే ఆయుధం దాచుకున్నవారిని కూడా కాల్చక మానదు. భయం ఉన్నా సరే ముందు దాన్ని కింద పెట్టి, ఒకరినొకరు కళ్ళారా చూసుకుంటూ ఉంటే నమ్మకం మెల్లగా అదే వస్తుంది.