అమ్మను పోనివ్వని తేనెటీగలు

అనగనగా, అడవికి గొడ్డలంటే ఏమిటో ఇంకా తెలియని రోజుల్లో, ఒక కొండవాలున పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఆ చెట్టు తొర్రలో ఒక తేనెపట్టు. అందులో ఒక రాణి, ఆమె కడుపున పుట్టిన వేలమంది కూతుళ్లు. రాణి అని పేరే గానీ, అందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవారు.

తేనెటీగల్లో ఒక ఆచారం ఉంది పిల్లలూ. పట్టు కిటకిటలాడితే తల్లి సగంమంది పిల్లలను వెంటబెట్టుకుని వేరే చెట్టు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. కట్టిన ఇల్లు, దాచిన తేనె ఒక పడుచు రాణికి వదిలేస్తుంది. మన ఇళ్లలో పిల్లలు వేరు పడతారు, తేనెటీగల్లో తల్లే వేరు పడుతుంది.

ఆ ఏడు మోదుగలు విరగబూశాయి. పట్టు నిండా పిల్లలు పుట్టుకొచ్చారు. అమ్మ రెక్కలు దులుపుకుంది.

"ఇక నేను బయలుదేరతానర్రా" అంది.

ఇంకేముంది! పట్టంతా గొల్లుమంది. "నువ్వెళ్తే మేమెవరి ముఖం చూసి బతకాలమ్మా?" అని కాళ్లకు చుట్టుకున్నారు. అమ్మ మనసు కరిగింది. ఆగిపోయింది. కూతుళ్లు పండగ చేసుకున్నారు.

పుప్పొడవ్వ మాత్రం ఆ పండగలో కలవలేదు. రోజూ వాలంతా తిరిగి, ఏ పూలు ఎక్కడున్నాయో చూసొచ్చే పెద్దది ఆమె.

"ఓసి పిచ్చిమొహాల్లారా! ఈ వాలున పూసే పూలెన్నో నాకు తెలుసు. ఇంతమందికి చాలవే" అంది.

"పోవే అవ్వా, అంతా నీ చాదస్తం" అన్నారు.

నెల తిరిగింది. ప్రతి గదిలోనూ ఒక పసిగుడ్డే. తేనె దాచుకుందామంటే గది లేదు. పొద్దున తెచ్చింది సాయంత్రానికి అయిపోతోంది. అమ్మకు భయం పట్టుకుంది, రెండోసారి బయలుదేరింది.

ఈసారి కూతుళ్లు ఏం చేశారో తెలుసా? మైనం తెచ్చి తొర్ర వాకిలిని ఇరుకు చేసేశారు. వాళ్లు దూరగలరు, అమ్మ దూరలేదు. పడుచు రాణి పుడితే అమ్మ వెళ్లిపోతుందని, ఆ పుట్టబోయే రాణి గదిని కూడా కూలగొట్టారు. ఇదంతా ప్రేమే సుమా, పగ కాదు.

"తియ్యండే, నా తల్లుల్లారా, తియ్యండే" అని అమ్మ లోపల నిలబడి బతిమాలింది. ఒక్కరూ వినలేదు.

అంతలో వానలు దిగాయి. మామూలు వానలా అవి! పన్నెండు రోజులు తెరిపి లేదు. పూలన్నీ రాలిపోయాయి, బయటికి ఎగిరే వీలు లేదు. పట్టులో చుక్క తేనె లేదు. ముందు పసిగుడ్లు చచ్చిపోయాయి. పెంచిన చేతులతోనే వాటిని గదుల్లోంచి లాగి బయట పడేశారు. అయ్యో, ఆ పని ఏ తల్లికీ, ఏ అక్కకూ రాకూడదు.

అప్పుడు కూతుళ్లు మైనమంతా కొరికి తీసేశారు. "వెళ్లమ్మా, నువ్వైనా బతుకు. కొందరినైనా తీసుకుపో" అని ఏడ్చారు.

అమ్మ మూడోసారి వాకిట్లోకి వచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. రెక్క ఎత్తగలిగిన పిల్ల ఒక్కతీ లేదు.

"ఎవరిని తీసుకుపోనే?" అంది. ఒక్కరినీ తిట్టలేదు.

పుప్పొడవ్వ ఉండబట్టలేక, లేని ఓపిక తెచ్చుకుని వానలోనే వెళ్లింది. ఎక్కడ దొరికిందో గానీ, తడిసి ముద్దై ఒక్క చుక్క తేనె తెచ్చింది. "మింగమ్మా" అంది. అమ్మ తల అడ్డంగా ఊపి, మిగిలి ఉన్న చివరి పసిదాని గది చూపించింది. అవ్వ ఆ చుక్కను పసిదాని నోట్లో పోసి, ఆ పక్కనే వాలిపోయింది. అవ్వ చెప్పిందే నిజమైంది. నిజమై ఏం లాభం?

వానలు వెలిశాయి. వాలంతా తంగేళ్లు పచ్చగా పూశాయి. ఎన్ని పూలో! ఆ తొర్రలోంచి మాత్రం ఒక్క తేనెటీగ కూడా రాలేదు.

పిల్లలూ, ప్రేమకు కొలత లేకపోవచ్చు గానీ ఉండే చోటుకూ తినే తిండికీ కొలత ఉంటుంది; ఆ కొలత దాటకముందే, కళ్లనీళ్లతోనైనా సరే, విడిపోయినవాళ్లే బతుకుతారు.