చల్లాలమ్మ తడిహారతి

నీలాద్రిపేట కొండవాలున, బండి పట్టేంత గుమ్మంతో కనిపించే ఎర్రరంగు పాత ఫైర్‌స్టేషనే నేటి చల్లాలమ్మ కోవెల. ఒకప్పుడు ఇంజను నిలిచిన చోట అమ్మవారు కొలువై ఉంది. అన్ని గుళ్లలోనూ భక్తులు హారతి వేడిని కళ్లకద్దుకుంటారు. ఇక్కడ హారతిని నీళ్లతో ఆర్పి, ఆ తడిని కళ్లకద్దుకుంటారు. అపచారం కదా అని కొత్తవారు ఉలిక్కిపడతారు. ఈ కథ విన్నాక మళ్లీ ఆ మాట అనరు.

పూర్వం ఇక్కడ గవరయ్య అనే ఫైర్‌మన్ ఉండేవాడు. ఒక ఎండాకాలం కుమ్మరివీధి అంటుకుంది. ఇంజను ఎంతకీ కదలక, అతడు వెళ్లేసరికి ఆ వీధిలోని అసిరమ్మ ఇల్లు బూడిదైంది. మంచాన పడి ఉన్న ఆమె తల్లి అందులోనే పోయింది. ఊరు నోటికొచ్చినట్టు తిట్టింది. అసిరమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే గవరయ్యను తినేసింది. కన్ను మూస్తే చాలు, ఇంజను గంట వినిపించేది.

మరుసటి ఏడు పండుగనాడు, స్టేషను ఆవరణలోని చిన్న రాతి అమ్మవారికి పూజారి అప్పలస్వామి గంట కొట్టి కర్పూరం వెలిగించాడు. బెంచీ మీద కునుకుతున్న గవరయ్య చెవిన ఆ గంట పడింది. లేచాడు, మంట చూశాడు, బకెట్టు ఎత్తాడు. హారతీ, అమ్మవారూ, పూజారీ ఏకంగా తడిసిపోయారు.

ఊరి నాయుడితో సహా పెద్దలంతా మండిపడ్డారు. యూనిఫాం విప్పి ఊరు విడిచి పొమ్మన్నారు. గవరయ్య ఖాళీ బకెట్టుతో తలవంచుకు నిలబడ్డాడు. ఏడాది కిందటే పోవలసినవాణ్ని అనుకున్నాడు. అప్పుడు అసిరమ్మ ముందుకొచ్చింది.

“ఆ పొద్దు ఆలీసంగా వచ్చినాడని తిట్టింది మీరే. ఈ పొద్దు బేగి వచ్చినాడని తిడతన్నది మీరే. ఏ యేళకొస్తే మీకు కుదురుతాదో సెప్పండి నాయుడుబాబూ, ఆడు అలగే వస్తాడు.”

“అమ్మోరికి కోపమొస్తేనో?” అని ఎవరో గొణిగారు.

“అయితే అమ్మోరినే అడగండి” అంది అసిరమ్మ.

ఆ పని పూజారి మీద పడింది. తల ఆరకముందే గోడకు చేరగిలి కునుకు తీసిన అప్పలస్వామికి అమ్మ కలలో కనిపించింది. “ఇంత ఎండలో నా మొహం ముందు మంట తిప్పినోళ్లే అందరూను. సల్లబరిసినోడు ఆడొక్కడే. ఆడిని పంపకండి” అని ఆనతిచ్చింది.

సాయంత్రం మళ్లీ హారతి వెలిగించి, గవరయ్యనే ఆర్పమన్నారు. అతడు బకెట్టు ఎత్తి మధ్యలోనే ఆగిపోయాడు. “నానున్నాను తమ్ముడా” అంటూ అసిరమ్మ మణికట్టు పట్టుకుంది. ఇద్దరి చేతుల మీదుగా నీళ్లు పడి మంట చల్లారింది. ఆ తడి వేళ్లతోనే ఆమె అతని కళ్లు తుడిచింది. ఏడాదిలో తొలిసారి ఆ రాత్రి గవరయ్య ఒళ్లెరగక నిద్రపోయాడు, అమ్మ పాదాల దగ్గరే.

తరువాత స్టేషను పెద్దరోడ్డు మీదికి మారి, ఆవరణలోని అమ్మ ఇంజను చోటికి చేరినా ఆచారం ఇక్కడే నిలిచింది. కొలువులో చేరిన ప్రతి ఫైర్‌మనూ తన తొలి మంటను అమ్మ ఎదుటే ఆర్పుతాడు. అతని మణికట్టు పట్టుకునేది కుమ్మరివీధి ఆడపడుచే. ఆ హక్కు ఇంకెవరికీ లేదు. కన్నవారి చివరిచూపుకు అందనివారు, అయినవారిని వేళకు ఆసుపత్రికి చేర్చలేకపోయినవారు దూరాల నుంచి వచ్చి ఆ తడి కోసం వరుసలో నిలుస్తారు. పోయినవారిని అమ్మ తిరిగి ఇవ్వదు. వచ్చినవారికి ఆ రాత్రి నిద్ర ఇస్తుంది.