డేగిసా దించాక

కుళ్లాయప్పకు మగ్గం పని పోయి వేసవి దాటిపోయింది. పట్టుచీరలు నేసే ఆ ఊళ్లో అతను పని అడగని ఇల్లు లేదు. ఎక్కడా నాలుగు రోజులు నిలవలేకపోయాడు.

సంగతేమిటంటే, అతని చూపు పక్కల నుంచి కొద్దికొద్దిగా తగ్గిపోతోంది. ఎదురుగా ఉన్నది మాత్రం శుభ్రంగా కనబడుతుంది. తెగిన పట్టుపోగు వెంట్రుక కన్నా సన్నగా ఉన్నా సరే, చిటికెలో అతికేస్తాడు. అతికి, లేచి, పక్కకు తిరిగి, వీధి పొడవునా లాగి కట్టిన పడుగు దారాల్లోకి నేరుగా నడిచిపోతాడు. నేతగాళ్ల వీధిలో పడుగు తొక్కితే ఎవరైనా ఊరుకుంటారా? పోగు కనబడినవాడికి పడుగు కనబడలేదంటే ఎవరు నమ్ముతారు? తాగొచ్చాడన్నారు. పొగరన్నారు. కుళ్లాయప్ప అన్నిటికీ తల వంచుకునేవాడు గానీ అసలు మాట మాత్రం బయటపెట్టేవాడు కాదు. తాగుబోతుకైనా ఎప్పుడో ఒకప్పుడు పని దొరుకుతుంది, కళ్లు పోయేవాడికి ఎవరిస్తారని అతని భయం. అది వట్టి భయమని నేనూ అనలేను.

ఊరి బయట గుట్ట కింద దర్గాలో మదార్ సాహెబ్ అనే ముసలి ఫకీరు ఉండేవాడు. కుళ్లాయప్ప చిన్నప్పటి నుంచీ ఆయనకు శిష్యుడు. ఒకరోజు పోయి ఆయన ముందు కూలబడ్డాడు.

"పెద్ద డాక్టరు కూడా చేతులెత్తేసినాడు స్వామీ. మెల్లగా అంతా పోతాదంట. పోయేదాకా అన్నా పని చేసుకుందామంటే ఎవురూ పెట్టుకోవడంల్యా. మా ఇంటామె దారం కండెలు చుట్టి ఎన్నాళ్లని సాకుతాది?"

మదార్ సాహెబ్ ఓదార్చలేదు. ఆయనకు ఆ చూపు మీదే కుతూహలం పుట్టింది.

"ఎట్లా ఉంటాది నీకు? పక్కలంతా నల్లగా కనబడతాదా?"

కుళ్లాయప్ప తడబడ్డాడు. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎన్ని వేళ్లో చెప్పమని డాక్టర్లు అడిగారు. కళ్లు నెత్తికెక్కాయా అని మగ్గాల యజమానులు అడిగారు.

"నల్లగా ఏముండదు స్వామీ. అసలు ఏమీ ఉండదు. మన వీపెనక ఏముందో మనకెట్లా తెలీదో, నాకు పక్కల అంతే."

"అబ్బా!" అన్నాడు ముసలాయన. పిడికిళ్లు గొట్టాల్లా చుట్టి, వాటిలోంచి చూస్తూ దర్గా వాకిలంతా తిరిగాడు. గోడ మీద పాకే చీమను పలకరించాడు. ఆ వెంటనే కాళ్ల దగ్గరి చెంబును తన్నేశాడు. అది ఖణేల్మని దొర్లింది.

"అరే! చీమ కనబడె, చెంబు కనబడల్యా!" అని పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. చాలా రోజుల తర్వాత కుళ్లాయప్పకు నవ్వొచ్చింది.

"మరి పని అడిగేకాడ ఇదంతా చెప్పినావా?"

"చెప్తే యాడిస్తారు స్వామీ? ఎవురికీ తెలీనియ్యను. గడప తొక్కేముందే ఏది యాడుందో చూసి మనసులో పెట్టుకుంటా. మా అమ్మకు కూడా తెలీదంటే చూడండి."

అంత దిగుల్లోనూ ఆ చివరి మాటలో కాస్త గర్వం తొంగిచూసింది. మదార్ సాహెబ్ చెంబు తీసి పక్కన పెట్టాడు.

"సరే. ఉరుసు పండగకు అన్నం మోసే మనిషి తక్కువైనాడు. నువ్వు రా."

ఉరుసు నాడు మధ్యాహ్నం దర్గా వాకిలి నిండా పంక్తులు కూర్చున్నాయి. వెనక పొయ్యి మీంచి పెద్ద డేగిసాలో ఉడుకుడుకు అన్నం మోసుకురావాలి. మోసేవాడి మొహం నిండా ఆవిరే. ఎంత మంచి కళ్లున్నా అప్పుడేమీ కనబడదు. అందుకే అక్కడొక అలవాటుంది. డేగిసా పట్టినవాడు పొయ్యి నుంచి పంక్తి దాకా అరుచుకుంటూనే రావాలి.

ముందు కుళ్లాయప్ప పట్టాడు, వెనక మదార్ సాహెబ్ పట్టాడు.

"వేడీ! జరుగు జరుగు! వేడీ!"

కుళ్లాయప్ప గొంతుకు జనం మోకాళ్లు ముడుచుకున్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. "అన్నా, కుడిపక్క మెట్టుంది" అన్నారొకరు. ఇంకెవరో దారిలోని నీళ్ల బిందెను జరిపేశారు. ఒక్క మెతుకు ఒలకకుండా డేగిసా పంక్తి మధ్యలో దిగింది.

కుళ్లాయప్ప చెమట తుడుచుకున్నాడు. ఒళ్లంతా తేలికైంది. ఎన్నాళ్లకు తన చేత్తో ఒక పని అయింది! ఆ సంతోషంలోనే ఛాతీ విరుచుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

బిందె మళ్లీ దారిలోకొచ్చి ఉంది. కాలు తగిలింది. నీళ్లన్నీ పంక్తి మీద పడ్డాయి, కుళ్లాయప్ప పోయి ఒక ముసలమ్మ విస్తరి మీద పడ్డాడు.

"పగలే పట్టించినట్టున్నాడే!" అన్నారెవరో. పంక్తి గొల్లున నవ్వింది.

మదార్ సాహెబ్ వచ్చి చెయ్యిచ్చి లేపాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"ఇంతసేపూ అరుచుకుంటా వస్తివి గదా. ఇప్పుడెందుకు నిలిపేస్తివి?"

"డేగిసా దించేసినాం గదా స్వామీ. ఇంక అరిచేదానికి ఏముంది?"

ముసలాయన అతని కళ్లలోకి, సరిగ్గా ఎదురుగా, చూపు ఇంకా మిగిలిన చోట నిలబడి చూశాడు.

"మొత్తం దించేసినావా?"

కుళ్లాయప్ప తడిసిన పంచె పిండుకుని, దొర్లిన బిందెను లేపి నిలబెట్టాడు.

మరుసటి రోజు పొద్దున కుళ్లాయప్ప మగ్గాల యజమాని నాగేంద్రప్ప ఇంటి ముందు నిలబడ్డాడు. ఎప్పటిలా లోపలికి తొంగిచూసి గుర్తుపెట్టుకోలేదు. నమస్కారం కూడా తర్వాతే అనుకున్నాడు. అందరికీ వినబడేలా గొంతెత్తాడు.

"అన్నా! నేను కుళ్లాయప్పను. నాకు ఎదురుగా ఉండేదే కనబడతాది, పక్కల కనబడదు. రాన్రానూ ఇదీ పోతాది. పోగు మాత్రం ఈ పొద్దుటికీ అతుకుతా. పనుంటే ఇయ్యి."

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. వెళ్లిపోదామనిపించినా కుళ్లాయప్ప గడప వైపు కాలెత్తాడు.

అప్పుడు నాగేంద్రప్ప గొంతు కంగారుగా వినిపించింది.

"ఆగాగు, కాలు పెట్టొద్దు! నీకు ఎడమపక్క మగ్గం గుంతుంది. కుడిపక్క నుంచి రా లోపలికి."