ఎలుగుబంటి నూకాలు కొన్న కాఫీ గరాటు

అనగనగా పొగమంచు కొండల మధ్య ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నిటికీ పొద్దున్న లేవగానే కాఫీ పడాలి. పడకపోతే కుందేలు కరవడానికొచ్చేది, తాబేలు అందరిమీదా చిందులు తొక్కేది. నవ్వకండి పిల్లలూ, అలవాటంటే అలాగే ఉంటుంది.

ఆ కొండవాలులో పెద్ద చెట్ల నీడన కాఫీ మొక్కలు పెరిగేవి. ఎర్రగా పండిన కాయలు కోసి, తొక్క తీసి, గింజలు ఎండబెట్టి, పెనం మీద వేయించి, రోట్లో దంచి, అడవి మొత్తానికి కాఫీ కాచి పోసే ఇల్లు మాత్రం ఒకటే. అది ఎలుగుబంటి నూకాలు ఇల్లు. అమ్మమ్మ కాలం నుంచీ ఆ కాఫీ పొయ్యి వాళ్ళదే.

అమ్మమ్మ పోయాక నూకాలు గుహలో ఒక్కతే ఉండేది. అయినా దిగులు తెలిసేది కాదు. తెల్లారేసరికి గుమ్మం ముందు అందరూ చేరేవారు. ఒకరు రాత్రి వచ్చిన కల చెప్పేవారు, ఒకరు ఇంకొకరి మీద చాడీలు చెప్పేవారు. ఆ గంటసేపు కబుర్లతోనే నూకాలుకి రోజంతా కడుపు నిండినట్టుండేది. ఆ గంట లేకపోతే ఎలా బతకాలో నూకాలుకి తెలియదు.

ఇప్పుడు ఆ గంటకే ముప్పు వచ్చింది. ఎలాగో చెబుతాను వినండి.

ఆ అడవికి ఒక ఆచారం ఉంది. ఏటా కొత్త గింజలతో కాచిన తొలి కాఫీని అడవి పెద్దకి ఇవ్వాలి. అడవి పెద్ద ఎవరంటే, దున్నపోతు పైడయ్య తాత. ఆయన నోటితో బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. కాఫీ నచ్చితే ఖాళీ అయిన కొబ్బరి చిప్పని కొమ్ముతో ముందుకు తోస్తాడు, ఇంకాస్త పొయ్యమని. నచ్చకపోతే చిప్పని బోర్లిస్తాడు. వరసగా మూడేళ్ళు చిప్ప బోర్లిస్తే, కాఫీ పొయ్యి ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది. నూకాలు చేతి కాఫీకి ఇప్పటికి రెండేళ్ళు బోర్లించేశాడు.

అమ్మమ్మ గుడ్డసంచిలో కాఫీ వడకట్టేది. ఆ సంచి చిరిగి పీలికలైపోయాక నూకాలు పునుగుపిల్లి సింహాద్రి దగ్గర గరాటు అరువు తెచ్చుకుంది. గరాటులో పలచటి గుడ్డ పరిచి, కాఫీ పొడి వేసి, పైనుంచి వేడినీళ్ళు పోస్తే, అడుగునున్న చిల్లులోంచి డికాక్షన్ చుక్క చుక్కగా దిగుతుంది. పట్నంలో దీన్ని డ్రిప్పర్ అంటారట. మన అడవిలో గరాటనే అనేవారు.

సింహాద్రి గరాటు రాగిది. తళతళా మెరిసేది. అడుగున ఒకటే పెద్ద చిల్లు. సింహాద్రివి సన్నటి చేతులు. కెటిల్ పట్టుకుని దారంలాంటి ధారతో, గుండ్రంగా తిప్పుతూ నీళ్ళు పోస్తుంటే చూడ్డానికే ముచ్చటగా ఉండేది. నూకాలు చేతులు మాత్రం రోకలి బండలు. మొదటి ఏడు కెటిల్ వంచగానే నీళ్ళు దబ్బున పడ్డాయి. పడినవి పడినట్టే పెద్ద చిల్లులోంచి కిందికి జారిపోయాయి. కాఫీ అంటే కాఫీ కాదు, కాఫీ వాసన తగిలిన వేడినీళ్ళు. చిప్ప బోర్లింది.

రెండో ఏడు నూకాలు పొడిని పిండిలా దంచింది, నీళ్ళు నెమ్మదిగా దిగుతాయని. అవి దాదాపు దిగనేలేదు. గరాటు పొంగి పొర్లి పొయ్యి ఆర్పేసింది. దిగిన కాస్త కాఫీ చేదు విషం. మళ్ళీ చిప్ప బోర్లింది.

అప్పుడు నూకాలు ఏం చేసిందో తెలుసా? సింహాద్రి చేతుల్లా సన్నబడాలని తన రెండు చేతులకీ తీగలు బిగించి కట్టుకుంది. పిచ్చి తల్లి! చేతులు వాచాయి కానీ సన్నబడలేదు. వారం రోజులు తేనెపట్టు కూడా పట్టుకోలేకపోయింది.

మూడో ఏడు వచ్చింది. కొత్త గింజలు ఎండుతున్నాయి. ఈసారి తప్పితే పొయ్యి పోతుంది, గుమ్మం బోసిపోతుంది. నూకాలు ఒక పెద్ద తేనెపట్టు చంకన పెట్టుకుని, సొంత గరాటు కొనుక్కుందామని సంతకి బయల్దేరింది. నీళ్ళు నింపిన కెటిల్, కాస్త దంచిన పొడి, గుడ్డ కూడా వెంట తీసుకెళ్ళింది.

సంతలో కొండముచ్చు దాలినాయుడి దుకాణం ముందు అప్పటికే నలుగురు చేరారు. వాళ్ళలో సింహాద్రి కూడా ఉన్నాడు.

"ఏటే నూకాలూ, గరాటుకొచ్చావా?" అన్నాడు సింహాద్రి. "మరి ఆలోచనేటి? నా రాగి గరాటు లాంటిదే తీసుకో. అడివంతా మెచ్చుకున్నది కదా."

"అవునవును, రాగిదే రాజసం!" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

దాలినాయుడు మూడు గరాటులు తీసి ముందు పెట్టాడు. ఒకటి రాగిది, అచ్చం సింహాద్రి దానిలాగే ఉంది. రెండోది గాజుది, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపిస్తుంది. మూడోది మట్టిది. గోధుమరంగు, మొద్దుగా, మందంగా ఉంది. అడుగు మొనదేలకుండా చదునుగా ఉంది. ఆ అడుగున పెద్ద చిల్లుకు బదులు మూడు చిన్న చిల్లులున్నాయి.

"దాలినాయుడు బావూ," అంది నూకాలు. "నీళ్ళు పోసి సూసి కొంటాను."

జనం గొల్లుమన్నారు. "సంతలో నీళ్ళు పోసి సూస్తాదట! ఇల్లనుకున్నాదా, సంతనుకున్నాదా?"

నూకాలుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. కానీ బోసిపోయిన గుమ్మం గుర్తొచ్చింది. కదలకుండా నిలబడింది.

"సూడనీయండి, మీకేటి నష్టం?" అన్నాడు దాలినాయుడు. "కొనేది తనే. పోసేది తనే. నాకూ సూడాలనే ఉన్నాది."

నూకాలు మూడింట్లోనూ గుడ్డ పరిచి, దంచిన పొడి కాస్త కాస్త వేసింది. కెటిల్ ఎత్తింది. రాగి గరాటులో పోసింది. సర్రున జారిపోయాయి నీళ్ళు. గాజు గరాటులో పోసింది. దానికీ అడుగున ఒకటే పెద్ద చిల్లు, పైగా ఆ భారీ చేయి తగిలి గరాటు పక్కకి ఒరిగింది. దాలినాయుడు పట్టుకోకపోతే పగిలేదే. జనం మళ్ళీ నవ్వారు.

మూడోసారి మట్టి గరాటులో పోసింది. ఎప్పటిలాగే నీళ్ళు దబ్బున పడ్డాయి. కానీ చదునైన అడుగు మీద పరుచుకుని, మూడు చిన్న చిల్లుల దగ్గర ఆగి, తొందర లేకుండా దిగసాగాయి. టప్, టప్, టప్. నూకాలు కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది నా సెయ్యిని తిట్టట్లేదు," అంది మెల్లగా.

"ఆ మట్టి ముద్దేటే?" అన్నాడు సింహాద్రి ముక్కు చిట్లించి. "దాంతో తాతకి కాఫీ ఇత్తావా? పరువు తీస్తావే నువ్వు."

"పోయేది నా పరువే కదన్నా, నీది కాదు కదా," అంది నూకాలు. తేనెపట్టు దాలినాయుడి చేతిలో పెట్టి, మట్టి గరాటు గుండెకి హత్తుకుని ఇంటికి నడిచింది.

ఇంటికొచ్చి చేతులు కట్టుకుని కూర్చోలేదు. రోజూ పొద్దున్నే కాచింది. ఒకరోజు పొడి మరీ నలిగింది, కాఫీ చేదెక్కింది. ఇంకోరోజు పొడి పలుకుగా ఉండిపోయింది, కాఫీ పులుపు తిరిగింది. దంచీ దంచీ చివరికి పొడి ఉప్మా రవ్వలా ఉంటే సరిగ్గా దిగుతోందని తెలుసుకుంది. ముందు వేడినీళ్ళతో గరాటు వెచ్చచేయాలని తెలుసుకుంది. పొడి తడిసేటంత నీళ్ళు పోసి, అది ఉబ్బి బుడగలు తేలేదాకా ఆగాలని తెలుసుకుంది. ఆ ఆగడమే కష్టం. ఎలుగుబంటికి ఓపిక ఎక్కడిది? అయినా నేర్చుకుంది.

తొలి కాఫీ రోజు వచ్చింది. గుమ్మం ముందు ఇసకేస్తే రాలనంత జనం. పైడయ్య తాత నడిమధ్య బండ మీద కూర్చున్నాడు. మట్టి గరాటు చూసి కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. సింహాద్రి ముందు వరసలో కూర్చున్నాడు. ఈసారి పొయ్యి తన ఇంటికే వస్తుందని అప్పటికే వాకిలి ఊడ్చి ముగ్గు కూడా పెట్టుకొచ్చాడు.

నూకాలు గరాటు వెచ్చచేసింది. పొడి వేసింది. కొంచెం నీళ్ళు పోసి ఆగింది. పొడి ఉబ్బింది. ఘుమఘుమ లేచింది. కుందేలు మూతి అటూ ఇటూ కదిలింది. రెండోసారి పోసింది. డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగింది. ఇంకొక్కసారి పోస్తే అయిపోయినట్టే.

అప్పుడే నూకాలు తలెత్తి జనం వైపు చూసింది. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి! కెటిల్ వంగిపోయింది. నీళ్ళు దబ్బున పడ్డాయి.

"అయ్యో!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

గరాటు అంచుదాకా నిండింది. ఒక్క చుక్క పొర్లలేదు. కిందికి సర్రుమని జారనూలేదు. ఆ మూడు చిల్లులూ వాటి లెక్కలో అవి, ఏమీ జరగనట్టు, టప్, టప్, టప్ అని దించుతూనే ఉన్నాయి. నూకాలు ఊపిరి తీసుకుంది. కెటిల్ పక్కన పెట్టి, చివరి చుక్క పడేదాకా నిలబడింది.

చిప్పలో కాఫీ పోసి తాత ముందు పెట్టింది. తాత వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. మరో గుక్క తాగాడు. చిప్ప ఖాళీ అయింది. అందరూ మెడలు చాచి ఆయన కొమ్ము వైపే చూశారు.

తాత కొమ్ము వంచాడు. చిప్పని ముందుకు తోశాడు.

ఒక్కసారిగా కేకలు! కుందేలు గంతులేసింది, తాబేలు తల బయటపెట్టి ఈల వేసింది. నూకాలు రెండో చిప్ప పోసింది. తాత దాన్నీ తాగి మళ్ళీ తోశాడు. మూడోదీ పోసింది. అదీ తాగి తోశాడు! ఇంత కాలంలో ఎవరి కాఫీకీ అలా జరగలేదు.

"తాతా, మాకు మిగల్చవా?" అని కోతులు గోల చేశాయి. నూకాలు నవ్వుతూ మళ్ళీ నీళ్ళు ఎక్కించింది. నవ్వుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు మరి.

సింహాద్రి చిట్టచివర తన చిప్ప పట్టుకుని వచ్చాడు. తాగాడు. చిప్ప అడుగు కూడా నాకాడు.

"బాగున్నాది," అన్నాడు చివరికి. "నానూ ఈ మట్టి గరాటే కొంటాను."

"నీకెందుకన్నా?" అంది నూకాలు. "నీ సన్నటి సేతికి రాగిదే సరి. నా బండ సెయ్యికి ఇది సరి."

సింహాద్రి తన చేతులవైపు చూసుకున్నాడు. మొదటిసారి తలవంచి నవ్వాడు.

ఎండెక్కింది. ఒక్కొక్కరే ఇంటికి కదిలారు. పైడయ్య తాత బరువుగా లేచి, నాలుగడుగులు వేసి, ఆగి వెనక్కి తిరిగాడు. కాఫీ గురించి ఎన్నడూ నోరు విప్పని తాత ఆ రోజు నోరు విప్పాడు.

"అమ్మీ, రేపు ఇంకా బేగి, తెల్లారకుండానే వస్తాను. నీళ్ళు మరగబెట్టి ఉంచు."

నీతి: పదిమంది మెచ్చినదని కాదు, మన చేతికి ఒదిగేది చూసి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక ఓపికగా దానితో పని నేర్చుకోవాలి.